ఒంటిచెవి ముడి

తలుపులూ కిటికీలూ మూసిన గదిలో ఫ్యాను వేసుకుని నిద్రపోయిన మనిషి మళ్లీ లేవడు, ఈ సంగతి కొరియాలోని ఈ గున్సాన్ ఊళ్లో చేపలమ్మే ఆవిడ దగ్గర నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ తెలుసు, తెలియనిది తనొక్కదానికే, తెలియకనే కదా అంత పని జరిగింది అనుకుంటూ కారిస్ బోర్డు మీద నిన్నటి వానను గురించి రాస్తున్న వాక్యాన్ని సగంలో ఆపేసింది, ఆపేసినట్టు కూడా ఆమెకు తెలియలేదు, వెనక పిల్లల గుసగుస ఆగిపోయాక తెలిసింది, వాన పడింది అని రాయాలి, పడింది అనే క్రియ దగ్గర చెయ్యి ఆగిపోయింది, పడిపోయింది, పడుకుంది, పడుకున్నది లేవలేదు, గదిలో ఉక్కగా ఉంది, సెప్టెంబరు సగానికి వచ్చినా సముద్రం మీది తేమ ఊరి మీద తడిగుడ్డలా పరుచుకునే ఉంది, అలవాటు కొద్దీ చెయ్యి గోడ ఫ్యాను తాడు వైపు వెళ్లింది, వెంటనే ముందు వరసలో కూర్చునే హన్‌బ్యోల్, పదేళ్ల పిల్ల, రెండు చేతులూ అడ్డంగా ఊపి, వద్దు టీచర్, మాకింకా బతకాలని ఉంది అంది, గదంతా నవ్వింది, ఆ నవ్వులో విషం లేదు, దయ్యాల కథలు చెప్పుకున్నప్పుడు నవ్వే నవ్వే అది, అయినా కారిస్ చెయ్యి తాడు దగ్గర గాలిలో అలాగే ఉండిపోయింది, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఈమధ్య ఆమెకు తెలియడం లేదు, జేబులో పెట్టుకుంటే దాచినట్టు ఉంటుంది, బయట ఉంచితే అందరూ దాన్నే చూస్తున్నట్టు ఉంటుంది, అదే చెయ్యి, మల్‌సున్ మామ్మ గదిలో ప్లగ్గు పెట్టి మీట నొక్కిన చెయ్యి.

మల్‌సున్ మామ్మ ఎనభై దాటిన మనిషి, ఈ ఇల్లు ఆవిడది, కింది గది ఆవిడది, దాని మీద కోడలు ఒక్‌జు నడిపే ఈ ఇంగ్లీషు, లెక్కల ట్యూషన్ సెంటరు, ఆ పైన ఒక్‌జు కాపురం, అన్నిటికీ పైన డాబా మీద రేకుల గది కారిస్‌ది, ఒక్‌జు భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే ఉంటాడు, అందుకే మామ్మకు మాట్లాడే మనిషి కావాలి, మెట్ల కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ పైనుంచి దిగే ప్రతి కాలినీ పలకరించేది, ఏమే పిల్లా తిన్నావా, ఆ ముఖం తిన్న ముఖమేనా, మీ దేశంలో గాలి మేసి బతుకుతారా ఏమిటి అనేది, వేల్స్ అని ఒక దేశం ఉందని మూడేళ్లుగా చెప్పినా ఆవిడ నమ్మలేదు, సరేలే అక్కడా వెల్లుల్లి పండుతుందా అని మాత్రం అడిగింది, ఒక దోసకాయో గుప్పెడు ఆకుకూరో చేతిలో పెట్టకుండా మెట్లు ఎక్కనిచ్చేది కాదు, గదిలో ఆవిడకొక స్టాండు ఫ్యాను ఉండేది, దానికి పాత దుప్పటి చింపి గులాబీ పూల తొడుగు కుట్టుకుంది, మెడ దగ్గర నాడా, వేసుకున్నంతసేపు వేసుకుని ఆపగానే దాన్ని బీరువా పక్క సందులోకి నెట్టి, వైరు మెడకు చుట్టి, తొడుగు తొడిగి నాడా బిగించేది, దయ్యాన్నయినా నమ్మవచ్చు కానీ ఫ్యానును నమ్మకూడదు అనేది, కారిస్ దాన్ని వేళాకోళం అనుకుంది, ఆ ముడి అందరూ వేసే ముడి కాదు, పండగ రవికెకు ఎదురురొమ్ము మీద కట్టే ముడి, ఒక్కటే చెవి ఎడమకు తిరిగి నిలబడుతుంది, రెండు కొసలు కిందికి జారుతాయి, కారిస్ ఎన్నిసార్లు ప్రయత్నించినా బూటు తాడులా రెండు చెవులే వచ్చేవి, మామ్మ ఒళ్లంతా ఊగేలా నవ్వి, ఒక్‌జూ ఇలా రా, నీ టీచరమ్మ నా ఇంట్లో కుందేళ్లు పెంచుతోంది చూడు అని కేక పెట్టేది, ఒక్‌జుకూ ఆ ముడి రాదు, ఆమె పండగ బట్టలు అద్దెకు తెచ్చుకుని కొట్టువాళ్ల చేత కట్టించుకునే తరం, నేను పోయాక ఈ ఇంట్లో రవికె కట్టే చెయ్యి ఉండదు అనేది మామ్మ, నేను పోయాక అని ఎంత తేలిగ్గా అనేది, వెల్లుల్లి పొట్టు ఊదినట్టు.

ఆ మధ్యాహ్నం మాత్రం మెట్ల కింద ఎవరూ లేరు, జులై చివరి ఎండ, కారిస్ పుచ్చకాయ ముక్కలు గిన్నెలో పెట్టుకుని కిందికి వెళ్లింది, మామ్మ చాప మీద పడుకుని ఉంది, నుదుటి మీద చెమట, కిటికీ తెరిచి ఉంది, కిటికీ కింద పాత సామాన్ల బండి నిలబడి రికార్డు చేసిన గొంతుతో అరుస్తోంది, పాత టీవీలు కొంటాం, ఫ్రిజ్‌లు కొంటాం, కంప్యూటర్లు కొంటాం, ఫ్యాన్లు కొంటాం, ఆ అరుపుకి మామ్మ కనురెప్పలు అదురుతున్నాయి, పాపం నిద్ర పాడవుతోందే అని కారిస్ కిటికీ మూసింది, గడియ పడేదాకా నెట్టింది, మూయగానే గది పొయ్యిలా అయింది, అందుకని ఫ్యానును సందులోంచి లాగింది, తొడుగు విప్పి బీరువా మీదికి విసిరింది, తల దగ్గర పెట్టింది, మీట నొక్కింది, మామ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి కాస్త పైకెత్తింది, వేళ్లు రెండుసార్లు ఆడాయి, తర్వాత చెయ్యి వాలిపోయింది, అది సంతోషమే తల్లీ అనడమా, వద్దు తీసెయ్యి అనడమా, ఆ రెండుసార్లు ఆడిన వేళ్లను కారిస్ అప్పటి నుంచి రోజూ చూస్తోంది, అన్నం తింటూ చూస్తోంది, పిల్లల పుస్తకాలు దిద్దుతూ చూస్తోంది, అప్పుడు మాత్రం చూడలేదు, క్లాసుకు వేళయిందని గబగబా మెట్లెక్కి వచ్చేసింది, సాయంత్రం ఒక్‌జు పీచ్ పండ్లు తీసుకుని కిందికి వెళ్లింది, వెళ్లిన కాసేపటికి ఆ కేక వినిపించింది, అది ఏ భాషలోనూ మాట కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది, కానీ తను పరుగెత్తుకుంటూ దిగింది, గుమ్మం దగ్గర అప్పటికే పొరుగు ఆడవాళ్లు నలుగురు చేరారు, వాళ్ల భుజాల సందులోంచి మామ్మ పాదాలు మాత్రం కనిపించాయి, తెల్ల మేజోళ్లు, ఒకదానికి మడమ దగ్గర అతుకు, గుమ్మం దాటలేదు తను, దాటకుండానే, ఎవరూ అడక్కుండానే, తనకు వచ్చిన నాలుగు ముక్కల కొరియా మాటల్లో, నేను ఫ్యాను వేశాను, నేను కిటికీ మూశాను అని అరిచింది, ఎందుకు అరిచిందో ఇప్పటికీ తెలియదు, నలుగురు ఆడవాళ్లూ ఒకేసారి వెనక్కి తిరిగి ఆమెను చూశారు, ఆ చూపులో కోపం లేదు, అయ్యో అన్న జాలి, అంతలోనే అర్థమైందన్న నెమ్మది, ఇంతసేపూ ఎందుకు పోయిందో తెలియని మనిషి చావుకు ఇప్పుడొక కారణం దొరికింది, చీకటి పడేలోగా ఆ కారణం చేపల బజారు చేరింది, చేపలమ్మే ఆవిడ గదిలో అడుగు కూడా పెట్టలేదు, అయినా ముసలమ్మ తెల్ల జుట్టు గాలికి ఎగురుతూనే ఉందమ్మా, ఫ్యాను అలా గిర్రున తిరుగుతూనే ఉంది, నా కళ్లతో చూశాను అని కొనేవాళ్లకల్లా చెప్పింది, విచిత్రం ఏమిటంటే ఇప్పుడు కారిస్‌కు కూడా ఆ జుట్టు కనిపిస్తుంది, కళ్లు మూస్తే చాలు, నుదుటి మీది తెల్ల వెంట్రుకలు లేచి పడుతుంటాయి, తను చూసింది మేజోళ్లను మాత్రమేనని తెలుసు, అయినా జుట్టు ఎగురుతుంది, విన్న మాట కంట్లో దిగి చూసిన దృశ్యమై కూర్చుంది, ఇక దాన్ని పెరికి పారేయడం ఎవరి తరం.

ఇప్పుడు క్లాసు గది తలుపు దగ్గర ఒక్‌జు నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో, ఎప్పటిలాగే ఇస్త్రీ చెడని చొక్కా, ఎప్పటిలాగే మెత్తని గొంతు, టీచర్ క్లాసయ్యాక ఒక చిన్న సాయం కావాలి అంది, రేపు నలభై తొమ్మిదో రోజు కర్మ, గుడిలో అత్తయ్య బట్టలు కాల్చాలి, బట్టలు తీయాలంటే గది తెరవాలి, తెరవాలంటే ముందు అది బయటికి పోవాలి, అది అంది, ఫ్యాను అనలేదు, అది లోపల ఉండగా నేను అడుగు పెట్టలేను, కర్మకని వచ్చిన చిన్నత్తయ్య కూడా పెట్టనంటోంది, ఈ వేళ సామాన్ల బండి వస్తుంది, దానికి ఇచ్చేయండి, మీకైతే ఇలాంటి పట్టింపులు ఉండవు కదా అని తల వంచి వెళ్లిపోయింది, మీకైతే అన్న మాట కారిస్‌కు గుచ్చుకుంది, ఒక్‌జు ఒక్కసారి కూడా నిందించలేదు, ఉద్యోగం తీసేయలేదు, గది ఖాళీ చేయమనలేదు, అంత్యక్రియల మూడు రోజులూ తెల్ల రిబ్బను జుట్టుకు పెట్టుకుని వచ్చినవాళ్లకు వేడి పులుసు వడ్డిస్తూ కారిస్‌కు కూడా ఒక గిన్నె పెట్టింది, మీ తప్పు కాదు టీచర్, మీకు తెలియదు కదా అంది, అదే, ఆ మాటే, తిట్టినా బాగుండేది, తెలియదు కదా అంటే చేసింది నువ్వే అని, చేసినా క్షమించాం అని, క్షమాపణ దొరికింది, నిర్దోషివన్న మాట మాత్రం దొరకలేదు, క్షమించేవాళ్ల ఇంట్లో ఉండడం కన్న శపించేవాళ్ల ఇంట్లో ఉండడం సులువు.

లెక్కలు చెప్పే ఫ్యో సారు ఫిజిక్సు పట్టా ఉన్న మనిషి, ఆయనతో టీ గదిలో ఎన్నిసార్లు వాదించిందో, ఫ్యాను గాలిని పుట్టించదు, తినదు, ఉన్న గాలినే కదుపుతుంది, ఆ గాలిలో ప్రాణవాయువు ఎక్కడికి పోతుంది చెప్పండి అంటే, ఆయన బార్లీ నీళ్లు ఊదుకుంటూ, అది మీరన్నట్టే కావచ్చు, కానీ మా పెదనాన్న స్నేహితుడు అలాగే పోయాడు, సైన్సు ఇంకా అన్నీ కనుక్కోలేదు కదండీ అన్నాడు, డాక్టరు గుండె ఆగిందని చెప్పాడు కదా, ఎండ దెబ్బకు ముసలి గుండె ఆగడం వింతా అంటే, ఆగింది, పోయినవాళ్లందరి గుండే ఆగుతుంది, ఎందుకు ఆగిందో చెప్పాడా అన్నాడు, ఆ ప్రశ్న తప్పుడు ప్రశ్న కాదు, అదే బాధ, తండ్రి ఉంటే ఏమనేవాడో, ఆయన బడిలో సైన్సు చెప్పేవాడు, పలకరాతి గనుల ఊళ్లో, వానలో తడిసిన నల్లటి ఊళ్లో, ఇంట్లోకి చిన్న పిట్ట దూరితే ఏడాది తిరక్కుండా ఇంట్లో ఒకరు పోతారని నాయనమ్మ నమ్మకం, ఒకసారి నిజంగానే ఎర్రరొమ్ము పిట్ట ఒకటి వంటింట్లో దూరింది, నాయనమ్మ శోకాలు మొదలుపెట్టింది, తండ్రి కిటికీ తెరిచి దాన్ని వదిలేసి, తేదీ గోడమీద రాసి, ఏడాది ఆగుదాం అన్నాడు, ఏడాది ఆగారు, ఎవరూ పోలేదు, చూశావా అమ్మా అన్నాడు, చూశాను, కిటికీ తెరిచి వదిలేశావు కాబట్టి సరిపోయింది, లేకపోతేనా అంది నాయనమ్మ, పుకారుకు ఓటమి లేదమ్మాయ్, దానికి అన్ని తలుపుల తాళంచెవులూ ఉంటాయి అన్నాడు తండ్రి తర్వాత, నవ్వుతూ అన్నాడు, అప్పుడు తనూ నవ్వింది, నవ్వగలిగింది ఎందుకంటే పోయినవాళ్లు ఎవరూ లేరు, ఒకవేళ ఆ ఏడాది ఎవరైనా పోయి ఉంటే తండ్రి ఏమి చేసేవాడు, పిట్టను వదిలిన తన చేతిని ఎలా చూసుకునేవాడు.

తెలిసి ఏమి లాభం, తెలివి తలలో ఉంది, దోషం ఒంట్లో ఉంది, ఆ రెండింటికీ మాటల్లేవు, మామ్మ పోయిన వారానికే కారిస్ తన రేకుల గదిలో అన్ని కిటికీలూ మూసి, తల దగ్గర ఫ్యాను పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది, రుజువు చేద్దామని, ఎవరికి రుజువు చేద్దామని, ప్రతి తెల్లవారీ బతికే లేచింది, ఫ్యో సారుకు ఆ మాట చెబితే ఆయన ఆలోచించి, విదేశీయుల శరీరాలు వేరేమో, మీరు చలిదేశం వాళ్లు కదా అన్నాడు, నాయనమ్మ గొంతే వినిపించింది ఆ మాటలో, కానీ ఆయనకు చెప్పని సంగతి, ఎవరికీ చెప్పని సంగతి, లైటు ఆర్పాక ఫ్యాను మోత వింటూ, ఇది నిజమైతే బాగుండును, ఊరంతా అన్నది నిజమే అయి రేపు నేను లేవకుండా ఉంటే లెక్క సరిపోవును కదా అని తను ఎదురుచూడడం, పొద్దున కళ్లు తెరిచినప్పుడు మొదట వచ్చేది ఊరట కాదు, ఇంకా ఉన్నానా అన్న నీరసం, బతికి లేచిన ప్రతిసారీ పుకారు అబద్ధమని తేలుతుంది, తేలిన ప్రతిసారీ మామ్మ అలాగే పోయి ఉంటుంది, డాబా పిట్టగోడ దగ్గర బట్టలు ఆరేయడం కూడా మానేసింది ఈమధ్య, తాడు మార్చి తలుపు పక్కన కట్టుకుంది, ఎందుకు మార్చావు అని ఒక్‌జు అడిగితే గాలి ఎక్కువ అంది, గాలి కాదు, ఆ గోడ అంచు దగ్గర నిలబడితే కాళ్లు తనవి కాకుండా పోతున్నాయి, అందుకే సంచీ సర్దుకుంది, ఈ సాయంత్రం విమానాశ్రయం బస్సు, ఎవరికీ చెప్పదు, విదేశీ టీచర్లు చెప్పాపెట్టకుండా పారిపోతారని ఊళ్లో ఇంకో మాట ఉంది, ఆ ఒక్కటైనా నిజం చేసి పోతుంది, పోయి ఏం చేస్తుంది, అక్కడా చేతులు ఇవే కదా, అమ్మ ఫోనులో రా తల్లీ, వచ్చేయి అంటుంది, వస్తే ఈ జుట్టు ఎగరడం ఆగుతుందా అని అడగలేదు.

క్లాసు అయిపోయింది, పిల్లలు సంచులు ఊపుకుంటూ మెట్లు దడదడలాడించారు, హన్‌బ్యోల్ వెనక్కి తిరిగి, టీచర్ రేపు వస్తారుగా అని అడిగింది, ఎందుకడిగిందో, పిల్లలకు వాసన తెలుస్తుందేమో, కారిస్ తల ఊపింది, ఆ ఊపడం అవునో కాదో ఆమెకే తెలియలేదు, అలమార దగ్గర కొక్కేనికి తాళంచెవి వేలాడుతోంది, తీసుకుంది, మెట్లు దిగింది, మెట్ల కింద వెల్లుల్లి పీట గోడకు ఆనించి ఉంది, తలుపు దగ్గర మామ్మ రబ్బరు చెప్పులు, ఎవరూ తీయలేదు, తీసే ధైర్యం చేయలేదు, తాళం తుప్పు పట్టినట్టు బిగుసుకుంది, దూరంగా రెండు వీధుల అవతల బండి గొంతు, పాత టీవీలు కొంటాం, ఫ్రిజ్‌లు కొంటాం, అదే గొంతు, ఆ రోజుటి గొంతే, ఒక్కసారి అంతా తిరిగి మొదలవుతున్నట్టు, ఇప్పుడు తలుపు తీస్తే మామ్మ చాప మీద పడుకుని ఉంటుంది, చెయ్యెత్తి వేళ్లు ఆడిస్తుంది, ఈసారి అడగవచ్చు, ఏమిటి మామ్మా, ఏమంటున్నావు, ఉంచనా, తీసేయనా, తాళం తిరిగింది.

గదిలో చాప లేదు, ఆవిడను మోసుకుపోయినవాళ్లు చాపతో సహా తీసుకుపోయారు, వాళ్లు పోయినవెంటనే ఒక్‌జు తాళం వేసింది, ఆ తర్వాత ఈ గడప ఎవరూ దాటలేదు, గదిలో ఎండిన వెల్లుల్లి వాసన, మూతబడ్డ వాసన, నేలకు అంటించిన పసుపుపచ్చ నూనె కాగితానికి దుమ్ము పట్టింది, దుమ్ములో తన అడుగులే మొదటి అడుగులు, పుచ్చకాయ గిన్నె లేదు, ఎవరో అప్పుడే తీసి ఉంటారు, కిటికీ జానెడు తెరిచి ఉంది, దాని కింద కాగితం మీద వాన చారలు ఎండి ఉన్నాయి, గడియ పడేదాకా నెట్టిన కిటికీ, తెరిచి ఉంది, తర్వాత తండ్రి గొంతు లోపలి నుంచి, నిదానించు అంది, కిటికీని ఎవరైనా తెరిచి ఉండవచ్చు, ఆ గొడవలో, ఆ ఏడుపులో గాలి కోసం ఎవరో తెరిచి ఉంటారు, అది రుజువు కాదు, ఆశపడకు, ఆశ కూడా పుకారు లాంటిదే, కావలసినదాన్ని కంటికి చూపిస్తుంది, సరే, వచ్చిన పని చెయ్యి, ఫ్యాను తియ్యి, తల దగ్గర పెట్టినచోట, చాప ఉన్నచోట చూసింది, అక్కడ ఏమీ లేదు, ఖాళీ నేల, మరి ఫ్యాను ఏది, ఎవరు తీశారు, దాన్ని తాకే మనిషే లేడు కదా ఈ ఇంట్లో, ఆ రోజు తాకలేదు, ఈ రోజుకూ తాకలేక తనను పిలిచారు, బీరువా మీద చూసింది, తను విసిరిన తొడుగు అక్కడ లేదు, బండి గొంతు వీధి మలుపు తిరిగింది, కంప్యూటర్లు కొంటాం, ఫ్యాన్లు కొంటాం, కారిస్ బీరువా పక్కకు నడిచింది.

సందులో ఉంది, దాని చోట అది ఉంది, గోడకు వీపు ఆనించి, గులాబీ పూల తొడుగు తలమీదుగా దింపుకుని, గుడిలో కూర్చున్న ముసలమ్మలా, వైరు మెడకు మూడు చుట్లు చుట్టి ప్లగ్గు లోపలికి దోపి ఉంది, తొడుగు మెడ దగ్గర నాడా ముడి, ఆ ముడికి ఒకటే చెవి, ఎడమకు తిరిగి నిక్కబొడుచుకుని నిలబడ్డ చెవి, రెండు కొసలు సమంగా కిందికి జారి ఉన్నాయి, ఒకటి కాస్త పొడుగు, మామ్మ ఎప్పుడూ ఒకటి కాస్త పొడుగు వదిలేది, అందం అక్కడే ఉందే పిల్లా అనేది, కారిస్ వంగి చూసింది, ముట్టుకోలేదు, తను కట్టిందే అయితే రెండు చెవులుండాలి, ఒక్‌జు కట్టలేదు, ఒక్‌జుకు రాదు, పొరుగు ఆడవాళ్లు శవం పక్కన నిలబడి తాము ప్రాణం తీసిందనుకున్న వస్తువుకు తొడుగు తొడిగి పండగ ముడి వేయరు, మరి తను విప్పిన తర్వాత, పైన క్లాసులో పిల్లల చేత పాఠం చదివిస్తున్నంతలో, ఈ గదిలో ఒక మనిషి లేచింది, కాళ్ల మీద నిలబడింది, ఈ పిల్లకు చెప్పినా బుర్రకెక్కదు అని గొణుక్కునే ఉంటుంది, మీట ఆపింది, ప్లగ్గు పీకింది, బీరువా మీదికి చెయ్యి చాపి తొడుగు అందుకుంది, తొందర లేకుండా చెవి నిలబెట్టింది, కిటికీ తెరిచింది, బండి పోయి ఉంటుంది అప్పటికి, మళ్లీ చాప మీద వాలింది, నమ్మింది కాబట్టే ఆపింది, ఊరందరి కన్న గట్టిగా నమ్మింది మామ్మే, ఆ నమ్మకం కలిగిన మనిషి ఫ్యాను తిరుగుతుండగా ఎలా నిద్రపోతుందని ఊళ్లో ఒక్కరూ ఒక్కసారి అడగలేదు, తనూ అడగలేదు, గాలి గురించీ ప్రాణవాయువు గురించీ ఇన్నాళ్లు వాదించింది, అసలు ఫ్యాను తిరుగుతోందా అని ఎవరూ చూడలేదు, చూడకపోవడానికి కారణం గుమ్మంలో నిలబడి అరిచిన తన నోరే, చూస్తే కనిపించేదే, భయపడి తాళం వేశారు, ఆ భయమే ఈ ముడిని ఇంతకాలం కాపలా కాసింది.

టీచర్ బండి వచ్చేసింది, దొరికిందా అని గుమ్మం అవతల నుంచి ఒక్‌జు గొంతు, లోపలికి రండి అంది కారిస్, నేను రాలేనని చెప్పాను కదా అంది ఒక్‌జు, రండి, ఒక్కసారి చూడండి, దీన్ని ఎవరు కట్టారో చెప్పండి, బండి కిటికీ కిందే నిలబడి అరుస్తోంది, తర్వాత చెప్పులు విడిచిన చప్పుడు, మెత్తని అడుగులు, ఒక్‌జు వచ్చి కారిస్ భుజం వెనక నిలబడింది, నిలబడి చూసింది, ఇస్త్రీ చెడని చొక్కాలో ఆ మనిషి ఒక్కసారి కుంగిపోయి నేల మీద దుమ్ములో కూర్చుంది, చెయ్యి చాపి ఆ ఒంటి చెవిని వేలి కొనతో, నిద్రపోతున్న పసిదాని చెవిని తాకినట్టు తాకింది, నాకు రాదు ఈ ముడి అంది, ఎన్నిసార్లు నేర్పబోయినా నేర్చుకోలేదు అంది, బయట బండివాడు కాసేపు ఎదురుచూసి బండి కదిలించాడు, ఫ్యాన్లు కొంటాం అన్న గొంతు పక్క వీధిలోకి, ఆ పై వీధిలోకి సన్నగా పోయింది, కారిస్ కళ్లు మూసుకుని చూసింది, తెల్ల జుట్టు నుదుటి మీద కదలకుండా పడి ఉంది, ఆ ఎత్తిన చేతి వేళ్లు ఏమన్నాయో ఇప్పటికీ తెలియదు, ఇక తెలియనక్కర్లేదు, చెప్పదలచింది మామ్మ తన చేత్తో చేసి చూపించే పడుకుంది, ఎండకు అలిసిన ఎనభై దాటిన గుండె ఒకటి, తెరిచిన కిటికీ పక్కన, చాప మీద ఆగింది, ఆగినప్పుడు ఆ గదిలో ఫ్యాను తిరగడం లేదు.